గొప్పన్న కొన్న మెరుపు యోయో

అనగనగా వెదురు పొదల నడుమ ఒక అడవి. ఆ అడవిలో గొప్పన్న అనే కొండముచ్చు ఉండేవాడు. వాడికి పని తక్కువ, మాటలెక్కువ.

ఒకనాడు ఏటి అవతల నుంచి ఎలుగుబంటి తాత కబురు పంపాడు. తన ఆటల మేళంలోకి యోయో ఆడేవాళ్ళు ఒకరు కావాలట, పోటీ పెట్టి ఎంచుకుంటాడట. మేళంతో అడవులన్నీ తిరగాలని గొప్పన్నకూ, వాడి నేస్తం పునుగుపిల్లి మల్లికకూ చిన్నప్పటి నుంచీ ఆశ. ఇద్దరూ ముళ్ళపంది అత్త దుకాణానికి వెళ్ళారు.

అత్త మూడు యోయోలు ముందు పెట్టింది.

“ఈ చెక్కది లాగితే చేతికి తిరిగొస్తుంది. నేర్చుకునేవాళ్ళకు ఇదే మంచిది. ఈ వెడల్పుది దారం మీద నిలబెట్టే ఆటలకు. ఈ ఇత్తడిది చాలాసేపు తిరుగుతుంది కానీ, లాగితే రాదు. దారం మడిచి రప్పించే ఒడుపు తెలియాలి. నీకేం వచ్చు నాయనా?”

“నాకు రానిదేదో అడుగత్తా,” అన్నాడు గొప్పన్న.

నిజానికి వాడికి యోయోని కిందికి వదలడం వచ్చు. అంతే.

మల్లిక చెక్కది తీసుకుంది.

“పసిపిల్లల బొమ్మ,” అని గొప్పన్న మూతి విరిచాడు.

“నాకు వచ్చిందీ పసిపిల్లల ఆటే కదా,” అంది మల్లిక.

గొప్పన్న మాత్రం దాచుకున్న ఇప్పపూలన్నీ ఇచ్చేసి ఇత్తడిది కొన్నాడు. మల్లిక వేలు వాచేదాకా సాధన చేస్తుంటే, వాడు తన యోయోని ఆకుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి వదిలితే అది పైకి రాలేదు. దారం మంచిది కాదన్నాడు. మళ్ళీ రాలేదు. గాలి ఎదురన్నాడు. ఆ తర్వాతా రాలేదు. యోయోకే పొగరన్నాడు. పొగరు గురించి వాడు మాట్లాడాడు, చూశారా!

పోటీ రోజు వచ్చింది. మల్లిక ఆడింది చిన్న ఆటే. కానీ వదిలిన ప్రతిసారీ యోయో వచ్చి దాని చేతిలో వాలింది.

గొప్పన్న ఛాతీ విరుచుకుని వచ్చి యోయో వదిలాడు. అది కింద గిర్రున తిరిగింది. చివరికి ఆగి, వేలాడింది. అందరి ముందూ వాడు దారాన్ని చేత్తో చుట్టుకోవాల్సి వచ్చింది. మళ్ళీ వదిలి, ఈసారి బలం కొద్దీ గుంజాడు. యోయో ఎగిరొచ్చి ముక్కు మీద కొట్టింది.

“యోయో బాగుంది,” అన్నాడు ఎలుగుబంటి తాత. “ఇంతకీ నీ ఆటేది?”

తాత మల్లికను మేళంలోకి తీసుకున్నాడు.

మేళం పడవ ఎక్కబోతూ మల్లిక వెనక్కి వచ్చింది. “ఈ చెక్కది నువ్వుంచుకో. మేళంలో నాకు వేరేది ఇస్తారు. నేర్చుకుని వచ్చెయ్.”

గొప్పన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నా స్థాయికి అది సరిపోదు,” అన్నాడు.

పడవ కదిలింది. ఒడ్డున గొప్పన్న వాచిన ముక్కుతో నిలబడి, ఎలుగుబంటి తాతకు ఆటంటే తెలియదని కప్పలకు చెప్పడం మొదలుపెట్టాడు. కప్పలు నీళ్ళలోకి దూకేశాయి.

నీతి: మెరిసే వస్తువు చేతికి నేర్పు ఇవ్వదు. మనకు వచ్చినదానికి తగినది ఎంచుకుంటేనే రానిది నేర్చుకోగలం.