కామేశం గారి ఓడకి కాపలా

గుల్లలపాలెంలో తెలివైనవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే ఊరు ఏది చూపిస్తుందో గానీ, బుల్లెబ్బాయి మాత్రం తడుముకోకుండా తన ఇల్లే చూపించేవాడు. "మా ఇంట్లో ఒకళ్ళకి కాదండి, ముగ్గురికీ తెలివే, ఆయ్" అనేవాడు. ముగ్గురంటే అతనూ, పెళ్ళాం చంటమ్మా, తమ్ముడు చిట్టెయ్యా.

ఆ ఇల్లు గుర్తుపట్టడం కూడా తేలికే. ఊళ్ళో కప్పు లేని ఇల్లు అదొక్కటే. చంటమ్మకి దగ్గొస్తే డాక్టరు గారు, ఇంట్లోకి గాలీ వెలుతురూ బాగా రావాలన్నారు. అంతే, ముగ్గురూ నిచ్చెన వేసుకుని కప్పంతా పీకేశారు. గాలి వచ్చింది. వెలుతురు వచ్చింది. శ్రావణమాసంలో వాన కూడా వచ్చింది. "వాన సంగతి ఆయన చెప్పలేదు చూశావా" అని చిట్టెయ్య డాక్టరు గారి మీద అలిగాడు.

ఇంకేముంది, తలదాచుకునే చోటు కోసం వెతుకులాట మొదలైంది. అప్పుడు తెలిసింది, కాలవ ఒడ్డున కామేశం గారి ఓడకి కాపలా మనుషులు కావాలని.

కామేశం గారు బొమ్మలు వేసేవారు. ఎప్పుడో ఉప్పు మోసే పాత ఓడని కొనుక్కుని, కింద కాపురం, పైన కుంచెలూ రంగులూ పెట్టుకుని బతికినన్నాళ్ళూ అందులోనే బతికారు. ఆయన పోయాక ఓడ శిథిలమైపోతే చెల్లెలు రాఘవమ్మ గారు గాజులమ్మి మరీ బాగుచేయించారు. ఆకుపచ్చ రంగు వేయించి, జనం వచ్చి చూసేలా తయారుచేశారు. ముగ్గురూ కాపలాకి చేరిన రోజే మొదటి చుట్టాలు వస్తున్నారు, కాకినాడ నుంచి బొమ్మలంటే ప్రాణమిచ్చే పెద్దమనుషులు. వాళ్ళకి నచ్చితే నలుగురికీ చెబుతారు, ఓడ నిలబడుతుంది. నచ్చకపోతే ఆవిడకి మిగిలేది కట్టెలు.

"నేను బస్టాండుకెళ్ళి వాళ్ళని తీసుకొస్తా. అందాకా చూస్తూ ఉండండి" అన్నారు రాఘవమ్మ గారు. "బాగా చూసుకున్నారంటే ఆ వెనక గది మీకే ఇచ్చేస్తా. మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి."

గోడ మీద ఫొటో చూపించారు. "అన్నయ్య ఉన్నప్పటి ఓడ ఇది. ఈ ఫొటో చూసే అన్నీ చేయించాను. దీనికీ ఓడకీ ఒక్క ముక్క తేడా ఉన్నా వచ్చినవాళ్ళు నవ్విపోతారు, జాగ్రత్త!"

ఆవిడ ఆటో ఎక్కీ ఎక్కకముందే చంటమ్మ వెనక గదిలోకి వెళ్ళి పైకి చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఏవయ్యోయ్, మన ఇల్లే అనుకోమన్నారు. దీనికి కప్పుందేంటి?"

"అవును కదా!" అన్నాడు బుల్లెబ్బాయి. "కప్పుంటే మన ఇల్లనుకోవడం ఎలాగ? ఎంత అనుకున్నా రావట్లేదు."

అంతే, కప్పు పీకేశారు. ఆకాశం కనపడ్డాక ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది.

తరవాత ఫొటో ముందు నిలబడ్డారు. పాత ఫొటో, నలుపూ తెలుపూ తప్ప ఇంకో రంగు లేదు. చిట్టెయ్య ఫొటో చూశాడు, ఓడ చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"అన్నయ్యా, కొంప మునిగింది! ఇందులో ఎక్కడా పచ్చరంగు లేదు."

"పాపం, పెద్దావిడ. కళ్ళు ఆనలేదు" అంది చంటమ్మ జాలిగా. "వచ్చినవాళ్ళు నవ్వితే ఆవిడ పరువేం కాను?"

నిజంగా జాలే. వాళ్ళ తెలివిని ఏమన్నా అనొచ్చు గానీ, మనసుకి వంక పెట్టలేం. ముగ్గురూ చెమటలు కక్కుతూ పొయ్యిలో మసి గోకారు, సున్నం కలిపారు. ఫొటోలో నల్లగా ఉన్నచోట మసి, తెల్లగా ఉన్నచోట సున్నం. కొత్త రంగు వాసన పోయి ఓడంతా వంటిల్లు వాసన కొట్టింది.

"ఇప్పుడు కుదిరింది" అన్నాడు బుల్లెబ్బాయి. మళ్ళీ ఫొటో చూసి నాలిక్కరుచుకున్నాడు. "ఒరే చిట్టెయ్యా, ఇందులో తాడేదిరా?"

ఫొటోలో ఓడ నది మధ్యన తెరచాప ఎత్తుకుని పోతోంది. తాడు లేదు, ఒడ్డు లేదు.

"ముందే చూశాం, అదృష్టం" అంది చంటమ్మ.

ముగ్గురూ ఒడ్డుకి దిగారు. కొబ్బరిచెట్టుకున్న కొస విప్పారు, ఓడకున్న కొస కూడా విప్పారు. తాడు చుట్టచుట్టి బుల్లెబ్బాయి భుజాన వేసుకున్నాడు. సముద్రం నీళ్ళు వెనక్కి తీస్తున్న వేళ. సముద్రంలో కలిసే ఆ కాలవ మెల్లిగా అటే లాగుతోంది. ఓడ ఒకసారి మూలిగి కదిలింది.

సరిగ్గా అప్పుడే ఆటోలు వచ్చి ఆగాయి.

"నా ఓడ!" రాఘవమ్మ గారు చెప్పులొదిలేసి పరుగెత్తుకొచ్చారు. "ఒరేయ్ బుల్లెబ్బాయ్, తాడు! తాడు పట్టుకో! వదిలావో చంపేస్తాను!"

బుల్లెబ్బాయి భుజం మీది తాడుని రెండు చేతులా వాటేసుకున్నాడు. "పట్టుకునే ఉన్నానండి. మీరు కంగారు పడకండి."

"ఓడ పోతోందిరా!"

"పోతే పోయిందండి, తాడు భద్రం."

ఆవిడ తిట్టబోతూ ఓడ వైపు చూశారు. నల్లగా, తెల్లగా, అన్నయ్య ఫొటోలోంచి లేచొచ్చినట్టు ఓడ నీళ్ళ మీద సాగిపోతోంది. అది కదలగా చూసి ఎన్నేళ్ళయిందో. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి. వెనక పెద్దమనుషులు, ఇదంతా ఆవిడ తమకోసమే చేయించారనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకి ఆవిడకి మళ్ళీ ఒళ్ళు మండింది. "నా కళ్ళ ముందుండకండి! మీ ఇంటికి పొండి!"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఏది తమ ఇల్లో పొద్దున ఆవిడే చెప్పారు. అంతే, దబదబా కాలవలోకి దూకి, గుండెలోతు నీళ్ళలో ఈదుకుంటూ పోయి ఓడెక్కేశారు. బుల్లెబ్బాయి తాడు మాత్రం వదల్లేదు.

రాఘవమ్మ గారికి ప్రాణం లేచొచ్చింది. "శభాష్‌రా! ఇంక ఆ తాడు కట్టు! గట్టిగా కట్టు!"

బుల్లెబ్బాయి ఒక కొస ఓడ ముందు గుంజకి కట్టాడు. రెండో కొస పట్టుకుని ఓడ వెనక్కి పరుగెత్తి, అక్కడి గుంజకీ కట్టాడు. లాగి చూసుకున్నాడు. ముడి రాయిలా ఉంది.

"ఇన్నాళ్ళూ ఓడకి ఒక్క కొసే కట్టారండీ!" అని కాలవ వంపు తిరుగుతున్న ఓడ మీంచి అరిచాడు. "నేను రెండు కొసలూ కట్టేశాను. ఇక ఎక్కడికీ పోదు!"