గంగామణి లెక్క

ఆర్మూరు పక్కన ఒక పల్లెలో బీడీలు చుట్టే గంగామణి, తన పనిలో తెలుసుకున్నదే అన్ని పనులకూ సరిపోతుందనుకునేది.

ఆమెకు ఒక్కతే కూతురు, రవళి. తొమ్మిదో తరగతి. బడి సాఫ్ట్‌బాల్ జట్టులో బంతి విసిరేది ఆ పిల్లే. చెయ్యి చక్రంలా తిప్పి కింది నుంచి వదిలితే బంతి రివ్వుమని పోయేది. రెండు నెలల్లో జిల్లా ఎంపికలు ఉన్నాయి. అందులో నెగ్గితే ఆటల హాస్టల్లో సీటు వస్తుంది. బిడ్డ ఒళ్లోకి బీడీల చేట రాకుండా పోతుంది. గంగామణికి అంతకన్నా పెద్ద కోరిక లేదు.

ఒకరోజు పొద్దున్నే మైదానానికి వెళ్లి చూసింది. పిల్లలు గుంజీలు తీస్తున్నారు. ఒంటికాలి మీద గెంతుతున్నారు. జోడీలు కట్టి, ఒకరి కాళ్లు ఒకరు ఎత్తి పట్టుకుంటే చేతుల మీద నడుస్తున్నారు. ఒక్కరి దగ్గరా బంతి లేదు.

"ఇదేం ఆట మేడం? కప్పల లెక్క దుంకుడేనా?" అని పీఈటీ మేడంను అడిగింది.

"ముందుగాల కాళ్లల్ల, నడుముల బలం రావాలమ్మా. చెయ్యి ఆఖర్న."

గంగామణి నవ్వింది. "దినాం వెయ్యి బీడీలు చుడితేనే నా వేళ్లకు పనొచ్చింది. గుంజీలు తీస్తే వచ్చిందా?"

మర్నాటి నుంచి కూతుర్ని పొద్దుటి కసరత్తుకు పంపలేదు. పెరటి గోడ మీద బొగ్గుతో గుండ్రంగా గీసి, రోజుకు మూడు వందల బంతులు విసరమంది. చేట ఒళ్లో పెట్టుకుని తనే లెక్కపెట్టేది. మైదానం నుంచి పిల్లల కేకలు వినిపించేవి. రవళి అటు తిరిగేది.

"గోడ దిక్కు చూడు బిడ్డా."

మేడం రెండుసార్లు కబురు పెట్టింది. గంగామణి పోలేదు.

"ఏందే రవళీ, గోడ మంచిగ క్యాచ్ పడుతుందా?" అని జట్టు పిల్లలు ఏడిపించేవాళ్లు. కొన్నాళ్లకు అదీ మానేశారు. బడిలో అందరికీ జోడీ ఉండేది. రవళి పక్కన ఎవరూ ఉండేవాళ్లు కాదు.

ఎంపికల రోజు వచ్చింది. మూడు బంతులు బాగానే పడ్డాయి. నాలుగోసారి చెయ్యి భుజం దాటి లేవలేదు. బంతి కాళ్ల దగ్గరే పడి దొర్లింది. అంత మైదానం నడుమ రవళి ఒక్కతే భుజం పట్టుకుని నిలబడింది.

భుజంలో కండరం చినిగిందనీ, ఆరు నెలలు బంతి ముట్టకూడదనీ డాక్టరు చెప్పాడు. సీటు వేరే ఊరి అమ్మాయికి వెళ్లింది.

బస్సులో గంగామణి మెల్లగా అడిగింది. "ఎప్పటి సంది నొస్తుంది బిడ్డా?"

"నెల."

"మరి చెప్పలేదేందే?"

"నువ్వు లెక్కపెడుతున్నవు గదమ్మా."

రవళి కిటికీ వైపు తిరిగింది.

మన పనికి కుదిరిన కొలత పిల్లల ఒంటికి కుదరదు. ఎన్నిసార్లు చేశారని లెక్కపెట్టే ముందు, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడగాలి.