తాడు కొస

మా గురువుగారు శరభయ్యగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాణ్ణి ఎక్కడికో నడిపించుకుపోతారే గానీ నోరు విప్పి జవాబు చెప్పరు. కాళ్లు పీకాక మనకే బోధపడాలి.

ఒకనాడు శిష్యుడు కేశవులు వచ్చాడు. నల్లమల అంచున ఒక ఊరికి సర్పంచి అతను. "అయ్యా, మా జలపాతం దగ్గర పర్యాటకులకు బసలు కడతామని పట్నం కంపెనీ ఒకటి వచ్చింది. వాగూ దారీ అన్నీ ముప్పయ్యేళ్లు వాళ్ల చేతికివ్వాలట. మేమే నాలుగు గదులు వేసి నడుపుకుందామంటే ఊళ్లో నవ్వుతున్నారు. రేపే సంతకం. పెట్టనా, మాననా?"

"కొండమీది గూడెంలో ఈదన్న తేనెకు లోయలోకి దిగుతున్నాడు, పోదాం పదండి" అన్నారాయన.

మేం వెళ్లేసరికి కొండకొమ్మున పట్నం జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఈదన్న నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. కింద చూస్తే కళ్లు తిరిగే లోయ. తేనెకు దిగేవాడి తాడు బావమరిదే పట్టాలని వాళ్ల గూడెం కట్టుబాటు. ఆ బావమరిది గురవన్న బక్కమనిషి. జనాన్ని తెచ్చిన గైడు అతన్ని చూసి నవ్వాడు.

"నువ్వేం ఆపుతావయ్యా? మావాళ్లు ఆరుగురున్నారు, ఏనుగునైనా నిలబెడతారు. జరుగు!"

గురవన్న వాదించలేదు. వెనక్కి జరిగి, తాడు కొస మాత్రం తన నడుముకు చుట్టుకున్నాడు.

ఈదన్న సగం దిగాడో లేదో, ఎవడో తెలివైనవాడు డ్రోను ఎగరేశాడు. ఆ మోతకు తేనెపట్టు మీది ఈగలన్నీ ఒక్కసారిగా లేచాయి. అమ్మో! ఆరుగురూ తాడు వదిలేసి వ్యాను వైపు పరుగో పరుగు. తాడు సర్రున జారింది. గురవన్న బోర్లా పడి, అంచుదాకా ఈడ్చుకుపోయి, బండకు కాళ్లు తన్నిపట్టాడు. ముఖం నిండా ఈగలే. తోలుకోవడానికైనా చెయ్యెత్తలేదు. మేం ముగ్గురం తలగుడ్డలు కప్పుకుని వెళ్లి చెయ్యేశాం. ఈదన్న పైకొచ్చాడు, బతికే వచ్చాడు.

ఆ ఆరుగురూ చెడ్డవాళ్లు కారు. పారిపోవడానికి వాళ్లకు వ్యాను ఉంది, అంతే.

కేశవులు అడిగాడు: "అన్ని కుట్టినా ఎట్లా పట్టుకున్నావయ్యా?"

వాచిన పెదవులతో గురవన్న అన్నాడు: "కింద ఉండేది మా అక్క మొగుడు గదా సారూ. తాడు వదిల్తే నేనింటికెట్ల పోవాల?"

అందరం కొండ దిగివచ్చాం. ఊరి దారి చీలే చోట గురువుగారు ఆగారు.

"ఆ కంపెనీవాళ్లు మీ ఊరికి పిల్లనేమైనా ఇచ్చారా, కేశవులూ?"