దివాన్ గారి పల్లకీలో జ్వరం

గోగులకోట సంస్థానంలో పైడయ్యంత గొప్ప పల్లకీ బోయీ అంతకుముందు పుట్టలేదు, ఆ తర్వాతా పుట్టలేదు. ఈ మాట అన్నది మాత్రం పైడయ్యే.

పల్లకీలు ఇంకా వీధుల్లో ఊగుతూ వెళ్లే ఆ రోజుల్లో, బోయీకి జబ్బు చేస్తే కోట నుంచి సెలవూ దొరికేది, ఇంటికి గింజలూ వచ్చేవి. కొత్త దివాన్ వచ్చి ఓ మెలిక పెట్టాడు. జబ్బుపడ్డవాడు స్వయంగా వచ్చి చూపించుకోవాలి. నడిచొస్తే, "నడిచొచ్చావుగా, ఇంకేం జబ్బు?" అనేవాడు. రాకపోతే కొలువు ఊడేది.

పైడయ్యకు చలిజ్వరం వచ్చింది. కొలువు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. తోటి బోయీలు ముగ్గుర్నీ, బావమరిదినీ పిలిచాడు.

ఆ పొద్దున దివాన్ జరీ తలపాగా చుట్టుకుని, పెళ్లికి వెళ్లడానికి పల్లకీ కోసం చూస్తున్నాడు. పల్లకీ రానే వచ్చింది. లోపల గొంగళి కప్పుకుని పైడయ్య!

"దిగరా, గాడిదా!"

"దిగి నిలబడితే జబ్బు లేదంటారు బాబయ్యా. రాకపోతే కొలువు లేదంటారు. అందుకే ఇలా వచ్చాను. సెలవిస్తే వీళ్లు నన్ను ఇంట్లో దింపి వస్తారు, నా బదులు బావమరిది మోస్తాడు. లేదంటే తగ్గేదాకా ఇందులోనే ఉంటాను."

అవతల ముహూర్తం దగ్గరపడుతోంది. దివాన్ పళ్లు కొరుక్కుంటూ వారం సెలవిచ్చాడు, గింజలూ పంపాడు. జబ్బువాళ్లంతా పల్లకీలోనే వస్తారేమోనని ఆ మెలికా ఎత్తేశాడు.

పల్లకీలు మూలపడ్డాక కూడా పైడయ్య ఆ ముచ్చట చెప్పుకుని మురిసేవాడు. ముసలితనంలో ఓ సాయంత్రం మాత్రం పెళ్లాం దగ్గర ఒప్పుకున్నాడు.

"జ్వరం మర్నాడే దిగిందే, మంగా. మిగతా రోజులు నన్ను మంచాన పడేసింది ఆ పల్లకీ కుదుపే. ఎక్కడం అదే మొదలు, కడుపులో తిప్పేసింది!"