మనమంటే ఎవరు?

అనగా అనగా, ఆ నారాయణుడి చల్లని చూపు కింద ఒక అడవి. ఊఁ కొట్టండి నాయనలారా! ఊఁ కొట్టకపోతే కథ అలిగి వెళ్ళిపోతుంది.

ఆ అడవికి రాజు లేడు. మృగాలన్నీ కలిసి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవి. పెద్ద బండ పక్కన రెండు గుంటలు. నచ్చినవాడి గుంటలో గులకరాయి వెయ్యాలి. అంతే.

ఆ ఏడు పోటీకి నిలిచినవి ఒక తోడేలు, ఒక ఎలుగుబంటి. అడవి చూస్తే అధ్వానం. ఏటి అవతలి అడవితో యుద్ధం. ఇవతల కరువు. అందరూ కూడబెట్టిన ఇప్పపువ్వు కొట్టు అడుగంటింది.

"కొట్టు మెక్కేసింది ఎలుగులే!" అని తోడేలు పక్షం.

"యుద్ధం తెచ్చింది తోడేళ్ళే!" అని ఎలుగు పక్షం.

కోతులు తోకలు పట్టుకుని లాక్కున్నాయి. ఒకే గూట్లో ఉండే పావురాల జంట మాటలు మానేసింది. ఆకలి మాత్రం ఏ పక్షమూ చూడలేదు నాయనా. అందరి కడుపుల్లోనూ చక్కగా పీట వేసుకు కూర్చుంది.

ఆ అడవిలో చుక్కమ్మ అని ఒక దుప్పి. ఆవిడ పెద్దకొడుకు యుద్ధానికని ఏరు దాటాడు, తిరిగి రాలేదు. ఇప్పుడు చిన్నవాడికి కొమ్ములు మొలిచాయి. కొమ్ములు మొలిచినవాడు ఏరు దాటాలని ఆజ్ఞ. రాళ్ళు వేసిన మర్నాడే ప్రయాణం. ఆ తల్లికి ముద్ద ఎలా దిగుతుంది చెప్పండి?

సభ కూడింది. తోడేలు బండెక్కింది.

"సోదరులారా! మనం వెనకడుగు వెయ్యం! మనం నెత్తురు ధారపోస్తాం!"

ఒకటే కేకలు, ఈలలు. చుక్కమ్మ ముందుకొచ్చింది.

"మనమంటే ఎవరు బాబూ? మీ పిల్లలూ ఏరు దాటుతున్నారా?"

తోడేలు గొంతు సవరించుకుంది. "అదేంటమ్మా, మేము వెనకుండి వ్యూహం చెప్పొద్దూ?"

ఎలుగు పొట్ట పట్టుకు నవ్వింది. "బయటపడిందిరా వీడి బండారం!" అంటూ తనూ ఎక్కింది. "యుద్ధం సంగతి తర్వాత. ముందు కొట్టు నిండాలి. మనం ఒంటిపూట తిందాం! మనం కడుపు కట్టుకుందాం!"

"మీరూ ఒంటిపూటేనా అన్నా?" అంది చుక్కమ్మ.

"మేము పాలన బరువు మొయ్యాలి తల్లీ. మాకు సత్తువ ఉండొద్దూ?"

చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. ఇక ఆ తల్లికి ఎలా ఉండాలి?

మూడోసారి అడిగింది. "ఏరు దాటి పోయాడే నా పెద్దకొడుకు, వాడు ఎవరివాడు?"

"వాడి చావు వీళ్ళ వల్లే!" అంది తోడేలు.

"కాదు, మీ వల్లే!" అంది ఎలుగు.

ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

"ఛీ! నోరు ముయ్యండి!" అని చుక్కమ్మ గిట్టతో బండను తన్నింది. నిప్పురవ్వ లేచింది. "పొద్దుటినుంచి మనం, మనం అని అరిచారే! వాడు మనవాడు అని ఒక్క నోరైనా అందా? చావడానికి మనం, పస్తుకు మనం. తినడానికి మాత్రం మేమా?"



చుక్కమ్మ తన గులకరాయిని ఏటి రేవు దగ్గర నేలమీద పెట్టింది. "ఇది నా పెద్దోడికి" అంది. వెనకే ఒక అడవిపంది వచ్చి తన రాయి పెట్టింది. దాని తమ్ముడూ ఏరు దాటినవాడే. తర్వాత కోతులు. తర్వాత పావురాలు, జంటగా. రేవుకు అడ్డంగా కుప్ప లేచింది. గుంటలు రెండూ ఖాళీ.

"పెత్తనం కావాలా? మీ బిడ్డల్ని తెచ్చి ఈ కుప్ప ముందు, ఏరు దాటే వరసలో నిలబెట్టండి. మీ ఇళ్ళల్లో దాచుకున్న తిండి కొట్టు తలుపు తీసి పెట్టండి. అప్పుడు మాట్లాడండి" అన్నాయి మృగాలన్నీ.

తోడేలుకు కాలిలో ముల్లు గుర్తొచ్చింది. ఎలుగుకు ఇంట్లో పని గుర్తొచ్చింది. అధ్యక్షుడు లేడు, పంపమనే నోరు లేక మర్నాటి ప్రయాణం ఆగింది. చిన్నవాడు తల్లి పక్కనే గడ్డి మేశాడు.

పెద్దవాడు రాలేదు. కథలో కూడా రాడు నాయనా, పోయినవాడు రాడు. ఆ స్వామి పాదాల దగ్గర ఉన్నాడనుకుందాం.

నీతి: కష్టానికి 'మనం' అని, సుఖానికి 'మేము' అనేవాడు ఏ పక్షం వాడైనా సరే, వాడి చేతికి పెత్తనం ఇవ్వకూడదు.