గవరమ్మకి జాగా

ఊఁ కొడుతూ వినండి, ఊఁ ఆగితే నేనూ ఆగిపోతాను. మన తాతల తాతలు పుట్టకముందు ఒక ఊళ్లో గవరమ్మ అనే ముసలామె ఉండేది. ఇంటింటికీ మట్టిపొయ్యిలు వేసి పొట్ట పోసుకునేది. వేసేముందు తాటాకు దడికి వీపు ఆనించి కూర్చుని, కాళ్లు బారజాపేది. పాదాలు దాటిన చోటే పొయ్యి వేసేది.

ఆ ఊరి పెద్ద చిట్టినాయుడు కొత్తగా వంటపాక కట్టించాడు. గవరమ్మ కాళ్లు చాపగానే గయ్యిమన్నాడు.

"పొయ్యి ఆగ్నేయ మూల ఉండాలని శాస్త్రం. మూలకి నెట్టు!"

"మూలంటే దిక్కు బాబూ, సందు కాదు. పొయ్యికీ దడికీ మద్దిని మనిషి కూకునే జాగా ఉండాల. నేకపోతే సెగకి ఆకు ఎండి ఎండి అంటుకుంటాది."

"మట్టి పిసికేదానివి, నాకు శాస్త్రం సెప్తావేటే?"

గవరమ్మ వేయనంటే వేయనంది. నాయుడు పాలేరు చేత దడికి ఆనించి వేయించాడు. నెల తిరక్కుండా పాక కాలిపోయింది.

మరి సిగ్గుపడ్డాడా? పడలేదు! పంచాయితీ పెట్టి ముసలిదాన్ని ఎండలో నిలబెట్టాడు. "అంటుకుంటాదని ముందే ఎలా తెలిసింది? ఇది శాపమే!" అన్నాడు. ఇక ఆమె ఊళ్లో ఎవరి పొయ్యీ ముట్టకూడదన్నాడు. మంచి చెప్పినందుకు శిక్ష! వింటుంటే మీకు ఒళ్లు మండడం లేదూ?

రెండోసారి పాక కట్టాడు. మళ్లీ మూలకే పొయ్యి. మళ్లీ కాలింది. "ఇది శాపమే!" అన్నాడు. అప్పటికి గవరమ్మ మూడూళ్ల అవతల కూలికి పోతోంది. ఆ ఏడే అక్కడ కన్నుమూసింది. తప్పయిందని చెప్పడానికి ఒక్కడూ వెళ్లలేదు.

మూడోసారి పాక కట్టాడు. మూలకే పొయ్యి. అదీ కాలింది. "ఇది..." అని నోరు తెరిచేసరికి భార్య పైడమ్మ అడ్డుపడింది.

"సచ్చినోళ్లు లేసొచ్చి శాపం పెడతారేటి? కాల్చింది శాపం కాదు, మీ మూల! పొయ్యికీ దడికీ మద్దిని గవరమ్మకి జాగా వదిల్తేనే నాను వండుతాను. నేదా, పస్తుండండి."

నాలుగో పాకలో పైడమ్మే కూర్చుని, కాళ్లు చాపి, పాదాల అవతల పొయ్యి వేయించింది. ఆ పాక కాలలేదు.

ఇప్పటికీ ఆ వైపు కొత్త పొయ్యి వేస్తే, ముందు దడి పక్కన పీట వేస్తారు. ఇంటావిడ కూర్చుని కాళ్లు చాపుతుంది. "గవరమ్మకి జాగా ఉందా?" అని అమ్మలక్కలు అడుగుతారు. ఉందంటేనే పీట తీసి నిప్పు రాజేస్తారు. పాదం తగిలిందా, పొయ్యి పగలగొట్టాల్సిందే.

బతికున్నన్నాళ్లూ ఆ ముసలిదానికి కూర్చోమని పీట వేసిన ఇల్లు ఒక్కటీ లేదు. ఇప్పుడు వేస్తున్నారు, ఇంటింటా!