నాలుగో రేవు

హైమవతికి ఒక కథ సగమే తెలుసు. మిగతా సగం కోసం రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతోంది.

అది ఏడు గవ్వల కథ. చిన్నప్పుడు ప్రతి ఆదివారం వాళ్ల నాన్న ఆమె తలకు నూనె పెడుతూ చెప్పేవాడు. ఒక పిల్లకు ఏడుగురు అన్నలు. శాపం తగిలి ఏడుగురి గొంతులూ ఏడు గవ్వల్లోకి పోతాయి. ఏడు రేవుల అవతల ఉన్న ముసలమ్మ ఒక్కతే ఆ శాపం విప్పగలదు. పిల్ల గవ్వలు కొంగున కట్టుకుని బయల్దేరుతుంది. కానీ ఒక్కో రేవులో ఒక్కో గవ్వ ఇస్తేనే పడవ కదులుతుంది. అన్నల గొంతులు ఇచ్చుకుంటూ పోతే ముసలమ్మ దగ్గరికి ఏం పట్టుకెళ్తుంది?

నాలుగో రేవులో పడవవాడు చెయ్యి చాపేసరికి పొయ్యి మీద నీళ్లు మరిగేవి. "మిగతాది తలంటయ్యాక" అనేవాడు నాన్న. తలంటయ్యాక హైమవతికి నిద్ర ముంచుకొచ్చేది. ఆమెకు పదకొండో ఏట ఆయన పోయాడు. కథ నాలుగో రేవులోనే ఉండిపోయింది.

ఇప్పుడామె హైస్కూల్లో తెలుగు టీచరు. కథలు చెప్పడం నేర్పే వర్క్‌షాపు ఎక్కడ పెట్టినా సెలవు పెట్టి మరీ వెళ్లింది. హైదరాబాదులో రెండు, విశాఖపట్నంలో మూడు. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ దించాలో నేర్చుకుంది. ఎదుటివాళ్ల మొహాలు చూస్తే బెదురు పుడుతుంది కాబట్టి ఆఖరి వరస తలల మీదుగా చూడాలని నేర్చుకుంది. దుఃఖం వచ్చిన చోట కళ్లు మూసుకోవాలని కూడా నేర్పారు. నాన్న వదిలేసిన కథకు తనే ఒక ముగింపు కుట్టి, మూడు పోటీల్లో మొదటి బహుమతి తెచ్చుకుంది. చెప్పడంలో ఆమెకు తిరుగులేదు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

ఏడు గవ్వల కథ పూర్తిగా వచ్చినవాడు ఒక్క పైడయ్యేనని చివరికి ఎవరో చెప్పారు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. వాళ్ల ఇంట్లో కథలు నేర్పరు, అప్పగిస్తారు. ఒకసారి అప్పగించాక, అప్పగించినవాడు మళ్లీ ఆ కథ నోటెత్తి చెప్పడు. అది పుచ్చుకున్నవాళ్లదే. పైడయ్య తన కథలన్నీ ఎవరెవరికో అప్పగించేశాడు. ఏడు గవ్వల కథ ఒక్కటే దగ్గర ఉంచుకున్నాడు.

ఆ పైడయ్య సాలూరులో లైబ్రరీ మేడ మీద వారం రోజుల వర్క్‌షాపు చేస్తున్నాడని తెలిసి, హైమవతి అందరికంటే ముందే పేరు రాయించుకుంది. ఈసారి వట్టి చేతులతో తిరిగి వెళ్లకూడదని గట్టిగా అనుకుంది.

వచ్చి చూస్తే అక్కడ బోర్డు లేదు, పాఠం లేదు. పన్నెండు మంది చాపల మీద కూర్చోవాలి. ఒకరు కథ చెప్పాలి, ఒకరు ఎదురుగా కూర్చుని ఊ కొట్టాలి. తక్కినవాళ్లు వినాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. పైడయ్య గోడకు చేరగిలబడి, చుట్ట వెలిగించకుండానే వేళ్ల మధ్య దొర్లిస్తూ కూర్చుంటాడు. బాగుందనడు, బాగాలేదనడు.

మూడు రోజులు హైమవతి ఓపిక పట్టింది. ఆమె వంతు వచ్చినప్పుడల్లా ఎదురుగా ఉన్నవాళ్లు ఎక్కడపడితే అక్కడ ఊ కొట్టేవారు. మంచి వాక్యం మధ్యలో ఊ. మౌనం పాటించాల్సిన చోట ఊ. ఒకాయనైతే ఊ కొడుతూ కునికేవాడు. ఆమెకు ఒళ్లు మండిపోయేది.

నాలుగో రోజు పొద్దున్నే వెళ్లి పైడయ్య ఎదుట నిలబడింది.

"గురువుగారూ, ఈవేళ నేను ఏడు గవ్వల కథ చెబుతాను. నాకు వచ్చినంత వరకు. విని, మీకు తగుదుననిపిస్తే మిగతాది అప్పగించండి."

"సెప్పమ్మా. ఇంటాం."

"ఒక్క మనవి. ఊ కొట్టేవాళ్లు వద్దండి. నా ధారకు అడ్డం వస్తున్నారు."

పైడయ్య చుట్ట దొర్లించడం ఆపాడు. ఆమె మొహంలోకి కాసేపు చూశాడు.

"అలాగేనమ్మా. నీ ఇష్టం" అన్నాడు.

హైమవతి మొదలుపెట్టింది. ఎంత బాగా చెప్పిందంటే, పోటీల్లో కూడా అంత బాగా చెప్పలేదు. గొంతు కావలసిన చోట లేచింది, కావలసిన చోట దిగింది. చూపు ఆఖరి వరస దాటి కిటికీ మీద నిలిచింది. మూడో రేవులో పిల్ల తన చిన్నన్న గవ్వ ఇచ్చే ఘట్టం వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని పిల్ల ఏడుపు ఎత్తుకుంది. అన్నయ్యా అంటూ సాగే ఆ ఏడుపు మూడు నిమిషాల పైనే. దానికి విశాఖపట్నంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఊపులోనే నాలుగో రేవు దాటించి, తాను కుట్టిన ముగింపు కూడా చెప్పేసి, చేతులు జోడించి కళ్లు తెరిచింది.

మేడ మీద ఒక్క మనిషి లేడు. చాపలు మాత్రం ఉన్నాయి.

మెట్లు దిగి కిందికొస్తే అందరూ వరండాలో నిలబడి టీ తాగుతున్నారు. ఆమెను చూసి ఒకళ్లిద్దరు తల దించుకున్నారు. పైడయ్య మాత్రం తీరుబాటుగా టీ ఊదుకుంటున్నాడు.

హైమవతి నేరుగా ఆయన ముందుకు వెళ్లింది. "కథ మధ్యలో లేచి వచ్చేశారా!"

"వొచ్చీసినామమ్మా. నువ్వు కళ్లు మూసినప్పుడే."

"పెద్దవారు, మీరిలా అవమానిస్తారనుకోలేదు."

"మేం ఎలిపోతే నీ కత ఆగిందేటమ్మా?"

ఆగలేదు మరి.

"ఆగనప్పుడు మాతో నీకేటి పని?" అన్నాడు పైడయ్య. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగాడు.

హైమవతి గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లి బ్యాగు సర్దుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పన్నెండింటి బస్సుకు వెళ్లిపోవాలనుకుంది. మొహం కడుక్కుందామని బ్యాగుతోనే పెరటి కుళాయి దగ్గరికి వెళ్తే, అక్కడ లైబ్రరీలో ఊడ్చే నూకాలమ్మ టీ గ్లాసులు కడుగుతోంది.

"టీచరమ్మా," అంది నూకాలమ్మ తలెత్తకుండానే, "గుమ్మంలో నిలబడి నీ కత ఇంటంటే, గ్లాసులు కడగాలని నన్నూ దింపీసినారు. మూడో రేవులో ఆ పిల్ల గవ్వ ఇచ్చీసిందా?"

"ఇచ్చేసింది" అంది హైమవతి ముక్తసరిగా.

"ఊ."

ఆ ఊ తరవాత నూకాలమ్మ ఇంకేం అనలేదు. ఎదురు చూస్తోంది. ఒక మనిషి అలా ఎదురు చూస్తుంటే మొహం తిప్పుకుని పోవడం హైమవతికి చేతకాలేదు.

"పడవవాడు గవ్వ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు."

"ఊ."

"అందులో చిన్నన్న గొంతు వినబడింది. చెల్లీ, జాగ్రత్తగా ఎక్కు, తడి ఉంది అంటోంది."

ఊ రాలేదు. హైమవతి చూసింది. నూకాలమ్మ చేతిలో గ్లాసు కుళాయి కింద నిండి పొర్లిపోతోంది. చెయ్యి కదలడం లేదు.

ఇక్కడే ఆ మూడు నిమిషాల ఏడుపు. హైమవతి నోరు తెరిచింది. అన్నయ్యా అనబోయి, నూకాలమ్మ మొహం చూసి ఆగిపోయింది. ఆ మొహంలో ఏడుపు అప్పటికే ఉంది. తాను తెచ్చి పెట్టాల్సిందేమీ లేదు.

"మరి ఆ పిల్ల ఏడవలేదేటమ్మా?" అంది నూకాలమ్మ మెల్లగా.

"లేదు అప్పా" అంది హైమవతి, అక్కడివాళ్లు అక్కను పిలిచినట్టే. "తడి చూసుకుని, జాగ్రత్తగా ఎక్కింది."

చాలాసేపటికి "ఊ" అంది నూకాలమ్మ. అది వచ్చేదాకా హైమవతి తరవాతి మాట కదల్చలేదు. కదల్చాలని కూడా అనిపించలేదు.

"నాలుగో రేవుకు వచ్చింది. పడవవాడు చెయ్యి చాపాడు."

"ఊ. ఇచ్చిందా?"

తాను కుట్టిన ముగింపు హైమవతి నాలుక చివరే ఉంది. మూడు బహుమతులు తెచ్చిన ముగింపు. దాన్ని ఈ మనిషి మొహం చూస్తూ చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నాకు తెలీదు అప్పా. మా నాన్న ఇక్కడిదాకానే చెప్పేవాడు. నా తలంటుకు నీళ్లు కాగిపోయేవి."

ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నూకాలమ్మ కుళాయి కట్టేసి, తడిచేత్తోనే ఆమె మోచెయ్యి పట్టుకుంది.

వెనక మెట్ల మీద చప్పుడైంది. పైడయ్య ఖాళీ గ్లాసు ఇవ్వడానికి వచ్చినట్టున్నాడు. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో తెలీదు. గ్లాసు నూకాలమ్మకు అందించి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. చుట్టను చెవి వెనక పెట్టుకున్నాడు.

హైమవతి అలవాటు కొద్దీ బ్యాగులోంచి నోటుపుస్తకం తీయబోయింది. తీయలేదు. బ్యాగు గోడకు ఆనించి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. పన్నెండింటి బస్సు హారన్ కొట్టుకుంటూ వీధిలోంచి వెళ్లిపోయింది.

పైడయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. ఈ కథ తన నోట ఇదే ఆఖరిసారని ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"నాలుగో రేవులో పడవోడు సెయ్యి సాపినాడు" అన్నాడు.

"ఊ" అంది హైమవతి.